బస్సు లేని ఊరికి టికెట్ల లెక్క ఎక్కణ్ణించి వస్తుంది?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పద్మనాభం మండలంలో సర్వీసు ఆటో నడుపుతాను. ఎక్కువగా మా ఊరి నుంచి ఆనందపురం జంక్షనుకి, గిరాకీ ఉంటే తగరపువలసకి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక ఆటోవాళ్ల గోడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది, మీ పత్రికలోనూ వచ్చింది. అందులో అబద్ధం ఏమీ లేదు, నా బండికీ దెబ్బ తగిలింది. అయితే నేను రాస్తున్నది ఆ గోడు కాదు. మా ఊరికి బస్సు కావాలి, అది చెప్పిన వేళకి రావాలి, దాంతోపాటు మా ఆటోలకి కూడా ఒక వేళ, ఒక దారి, ఒక కాగితం ఉండాలి అని రాస్తున్నాను. ఆటోవాడివై ఉండి బస్సు అడుగుతావేంట్రా అని స్టాండులో మావాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు. వాళ్లకి చెప్పాల్సిన జవాబు కూడా ఇందులోనే ఉంది, అందుకే ఉత్తరం పొడుగైంది. అంతా వేయడానికి చోటు చాలకపోతే మెట్రో పేరా తీసేయండి, మిగతాది ఉంచండి.

ఆ మెట్రో పేరా ఇదే. విశాఖలో రవాణా ప్రణాళిక అనగానే ఇప్పుడు అందరికీ మెట్రోయే గుర్తొస్తోంది. స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది దాకా ఒక కారిడారు, నగరం లోపల ఇంకో రెండు, మొదటి దశ మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. రానివ్వండి, నేనూ ఎక్కుతాను. కానీ కొమ్మాది దాటి మారికవలస, బోయపాలెం మీదుగా ఆనందపురం వచ్చి, అక్కణ్ణించి మావైపు తిరిగితే అది కూడా విశాఖపట్నం జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడు ముక్కలయ్యాక ఏజెన్సీ అటు పాడేరుకి, చోడవరం, నర్సీపట్నం వైపు పల్లెలన్నీ అనకాపల్లికి పోయాయి. ఇటు మిగిలిన 11 మండలాల్లో పల్లె అనిపించుకునేవి పద్మనాభం, ఆనందపురం, భీమిలి, పెందుర్తి వైపు కొన్ని. దాంతో ఈ జిల్లా అంటే నగరమే అనుకోవడం అలవాటైపోయింది. పాత జిల్లాలో పల్లెల గురించి మాట్లాడేవాళ్లు సగంమంది ఉండేవారు. ఇప్పుడు మేము నగరం అంచుకి కుట్టిన కొసరు గుడ్డలాగా ఉన్నాం.

రోడ్డు లేదని నేను అనడం లేదు. రోడ్డుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పుణ్యమా అని మైదానంలో 500 జనాభా దాటిన ఊళ్లకి తారు పడింది. 2024 అక్టోబరులో పల్లె పండుగ అని వీధుల్లో సిమెంటు రోడ్లు కూడా వేశారు. ఆ సడక్ యోజన లెక్కలో ఏ కాలంలోనైనా నడిచే రోడ్డుకి 500 మీటర్ల లోపు ఊరుంటే ఆ ఊరు అనుసంధానమైనట్టే. కొండల్లో అయితే కిలోమీటరున్నర దాకా సరే. రోడ్డు వేసేవాళ్లకి ఆ కొలత సరిపోవచ్చు, వాళ్ల పని తారు వేయడం వరకే. ఆ తారు మీద ఏ వేళకి ఏం నడుస్తుందన్నది ఎవరి పుస్తకంలోనూ లేదు. అల్లూరి జిల్లా కొండల్లో బాలింతల్ని డోలీలో మోసుకొచ్చే ఫొటోలు మీరు వేస్తారు, వేయాలి కూడా. అక్కడ అడవితల్లి బాట కింద రోడ్లు పడుతున్నాయంటే సంతోషమే. మాది ఫొటోకి దొరికే కష్టం కాదు. నున్నటి రోడ్డు పక్కన ఒకావిడ గంటసేపు నిలబడి ఉంటే ఆ ఫొటోలో ఏముంటుంది?

ఎవరు ఏ వేళకి కదులుతారో నాకు తెలిసినంత ఆఫీసుల్లో వాళ్లకి తెలియకపోవచ్చు. గొప్ప చెప్పుకోవడం కాదు, పొట్టకూటికి నేను చూసుకోవాల్సిందే అది. కాబట్టి మా ఊరి రోజు ఎలా ఉంటుందో రాస్తాను.

తెల్లారి నాలుగున్నరకి పూలవాళ్లు. మావైపు కనకాంబరం, చామంతి, మల్లె వేసేవాళ్లు ఉన్నారు. కోసిన పూలు ఆనందపురం మార్కెట్టుకి తెల్లవారే లోపు చేరాలి. ఎండెక్కాక వెళ్తే కొనేవాడు మన మొహం చూడడు, పువ్వు మొహం చూస్తాడు. వీళ్లతోపాటు వంకాయలూ ఆనపకాయలూ గంపలకెత్తి నగరంలో రైతుబజారుకి పోయేవాళ్లు. ఈ గంపల వాళ్లకి బస్సు ఉచితమైనా పెద్ద ఉపయోగం లేదు, ఆ వేళకి బస్సు లేదు కాబట్టి. ఉన్నా నాలుగు గంపలు ఎక్కించేసరికి తలుపు దగ్గర చోటు అయిపోతుంది.

ఆరున్నరకి కూలీలు. తాపీ పనివాళ్లు, సెంట్రింగువాళ్లు, వాళ్ల వెనక ఇసక మోసే ఆడవాళ్లు. ఏడున్నర దాటితే అడ్డా మీద మేస్త్రీ మనుషుల్ని ఎంచేసుకుని వెళ్లిపోతాడు. ఆలస్యమైతే ఆ రోజు కూలి లేదు, వెనక్కి రావడానికి ఛార్జీ మాత్రం ఉంది.

ఏడు, ఏడున్నరకి చదువుకునేవాళ్లు. తగరపువలస, సంగివలస, దాకమర్రి, మద్దిలపాలెం, ఒక్కొక్కరిదీ ఒక్కో దిక్కు. పెద్ద కాలేజీలకి వాళ్ల బస్సులున్నాయి, అవి ఫీజు కట్టిన పిల్లల కోసం. సర్కారు కాలేజీ పిల్లలు మాత్రం నా బండి కడ్డీ పట్టుకుని ఎక్కుతారు. అదే వేళకి ఆసుపత్రివాళ్లు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాలంటే పొద్దున్నే అక్కడుండాలి. మా ఊరి నుంచి ఆనందపురం, అక్కణ్ణించి నగరంలోకి, దిగి నడిచి లైన్లో నిలబడేసరికి మందులిచ్చే వేళ దగ్గరపడుతుంది. షుగరు, బీపీ ఉన్న ముసలివాళ్లు నెలనెలా వెళ్లాల్సిన చోట రెండు మూడు నెలలకోసారి వెళ్తారు. మిగిలిన నెలల్లో మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తారు.

పదిన్నర నుంచి మూడు దాకా రోడ్డు మీద ఎవరూ ఉండరు. నేను వేపచెట్టు కింద బండి పెట్టుకుని పడుకుంటాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బస్సు ఎలా నడుస్తోందో చూడ్డానికి వచ్చే పెద్దలు ఎండ ఎక్కాక బయల్దేరి ఈ వేళకే వస్తారు.

సాయంత్రం పిల్లలు తిరిగొస్తారు, అది తేలిక. కష్టమంతా చీకటి పడ్డాక. మధురవాడ అపార్టుమెంట్లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఏడుకి, బట్టల షాపుల్లో, హోటళ్లలో పనిచేసే ఆడపిల్లలు తొమ్మిదికి ఆనందపురంలో దిగుతారు. నగరం నుంచి అక్కడి దాకా వాళ్లకి టికెట్టు సున్నా. ఆ వేళకి మావైపు బస్సుండదు. ఆటో నిండదు. ఒక్కతే ఉంటే కిరాయి మాట్లాడుకోవాలి, 250 అడుగుతారు, 300 అడిగేవాళ్లూ ఉన్నారు. అంటే అంత దూరం ఉచితంగా వచ్చిన పిల్ల చివరి 14 కిలోమీటర్లకి ఆ రోజు జీతంలో సగం పైన ఇచ్చుకోవాలి. తండ్రో అన్నో బైకు మీద వచ్చి తీసుకెళ్లే ఇళ్లలోనే ఆడపిల్లలు ఉద్యోగం చేస్తున్నారు. తీసుకొచ్చే మనిషి లేని ఇంట్లో పిల్ల నాలుగు నెలలు చేసి మానేస్తుంది. మా వీధిలో మా పిన్ని వరసావిడ కూతురు అలాగే మానేసింది. డిగ్రీ పాసైన పిల్ల. ఇప్పుడు మిషన్ కుడుతోంది.

ఇక బస్సు సంగతి. మండల కేంద్రం దాకా బస్సు వస్తుంది. అక్కణ్ణించి లోపలున్న మా ఊరికి రాదు. ఎందుకు రాదని అడిగితే గిరాకీ లేదంటారు. గిరాకీ ఎలా తెలుస్తుందంటే టికెట్లని బట్టి. టీ కొట్టు దగ్గర కండక్టర్లతో మాట్లాడుతుంటాను కాబట్టి వాళ్ల భాష నాకు కొంత వచ్చింది. కిలోమీటరుకి ఎంత వచ్చింది, సీట్లలో ఎన్ని నిండాయి, ఈ రెండు అంకెల మీదే ఒక సర్వీసు ఉంటుందో పోతుందో తేలుతుంది. ఆ అంకెలు కండక్టరు చేతిలో ఉండే టికెట్ల యంత్రంలో కొట్టిన టికెట్ల నుంచే పుడతాయి. స్త్రీశక్తి వచ్చాక సున్నా టికెట్టు కూడా కొడుతున్నారు, అది మంచి పని. ఏ స్టేజీలో ఎక్కింది, ఏ స్టేజీలో దిగింది, ఏ వేళకి, అన్నీ అందులో ఉంటాయి. పల్లె ఆడవాళ్లు ఎక్కడెక్కడికి పోతున్నారో ఇంత వివరంగా ఇంతకుముందెప్పుడూ ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క తీసి చూస్తే సగం ప్రణాళిక అక్కడే తయారవుతుంది.

మిగతా సగం ఆ యంత్రంలో లేదు. బస్సు లేని ఊరి నుంచి టికెట్టు కొట్టేదెవరు? మా ఊరి పూలావిడ ఆనందపురంలో బస్సెక్కితే ఆవిడ ఆనందపురం మనిషిగా లెక్కకొస్తుంది. బయల్దేరకుండా ఇంట్లోనే ఉండిపోయిన షుగరు ముసలాయన ఏ లెక్కలోకీ రాడు. బస్సు లేదు గనక టికెట్టు లేదు, టికెట్టు లేదు గనక గిరాకీ లేదు, గిరాకీ లేదు గనక బస్సు లేదు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట ఆపకపోతే ఇంకో యాభై ఏళ్లయినా ఇలాగే తిరుగుతుంది. పల్లె రవాణా గురించి ఎవరు ప్రణాళిక వేసినా మొదట ఊరి చివర నిలబడి లెక్క రాయాలి. డిపో గేటు దగ్గర నిలబడితే ఇది కనిపించదు.

ఇంకో సంగతి. పల్లె బస్సుని ట్రిప్పు ట్రిప్పుకీ లెక్క చూస్తే ఎప్పుడూ నష్టమే కనిపిస్తుంది. పొద్దున్న ఊళ్లోకి ఖాళీగా వస్తుంది, నిండుగా వెళ్తుంది. సాయంత్రం నిండుగా వస్తుంది, ఖాళీగా వెళ్తుంది. ఖాళీ ట్రిప్పు తీసేస్తే నిండు ట్రిప్పు కూడా పోతుంది, ఎందుకంటే పొద్దున్న రాని బస్సు పొద్దున్న వెళ్లలేదు కదా. పాతరోజుల్లో దీనికి ఒక మంచి ఉపాయం ఉండేది, నైట్ హాల్టు. రాత్రి ఆఖరి బస్సు ఊళ్లోనే పడుకుని తెల్లారి మొదటి బస్సుగా వెళ్లేది. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆ బస్సు ఉండేది. డ్రైవరూ కండక్టరూ పడుకోవడానికి ఊరివాళ్లు ఒక గది ఇచ్చారు. ఒకింటి నుంచి అన్నం, ఒకింటి నుంచి కూర వెళ్లేది. ఆ గది కప్పు కారింది, తర్వాత ఒక గోడ కూలింది. బాగు చేయించాల్సింది మా ఊరే, మేమే చేయించలేదు. దోమల్లో అరుగు మీద పడుకుని, పొద్దున్న చెంబు పట్టుకుని చేలోకి వెళ్లి, మళ్లీ అరవైమందిని ఎక్కించుకుని స్టీరింగు పట్టుకోమంటే ఏ మనిషి ఒప్పుకుంటాడు? ఇప్పుడు ఆడ కండక్టర్లు కూడా ఉన్నారు. ఒక గది, ఫ్యాను, మరుగుదొడ్డి, బస్సు పెట్టుకోవడానికి కాస్త లైటు ఉన్న చోటు. నైట్ హాల్టు బస్సుకి ఊరు పెట్టాల్సిన ఖర్చు ఇంతే.

మా ఆటోల లెక్క కూడా చెప్పాలి, లేకపోతే స్టాండులో నన్ను బతకనివ్వరు. మా ఊరి నుంచి ఆనందపురానికి మనిషికి 30 రూపాయలు. బండి కాగితం ప్రకారం ముగ్గురినే ఎక్కించాలి, అంటే 90. పోనూ రానూ దగ్గర దగ్గర లీటరు డీజిలు, దాని ధర వంద రూపాయల దగ్గరుంది. వచ్చేటప్పుడు ఖాళీ అయితే జేబులోంచి పడుతుంది, ఫైనాన్సు కిస్తీ సంగతి దేవుడెరుగు. అందుకే ఎనిమిదిమందిని ఎక్కిస్తాం. ఎనిమిదిమంది దొరికేదాకా కదలం. పోలీసు ఆపితే ఫైను కడతాం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కొస్తుంది. అది తెలిసే నడుపుతాం. ముందెక్కిన ముసలావిడ "ఏటి బాబూ, ఇంకో నలుగురొచ్చీదాకా నానిలా కూకోవాలా" అంటుంది. ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. నిండితేగానీ కదలని బండిని రవాణా అనకూడదు, దాన్ని నమ్ముకుని ఎవరూ ఉద్యోగంలో చేరలేరు.

2025 అక్టోబరు 4న ఆటో డ్రైవర్ల సేవలో అని ప్రభుత్వం మనిషికి 15,000 వేసింది. రాష్ట్రంలో దాదాపు 2.90 లక్షలమందికి, 436 కోట్లు. అంతకుముందు ప్రభుత్వం వాహనమిత్ర అని 10,000 ఇచ్చేది. రెండూ తీసుకున్నాను, వద్దనే స్తోమతు నాకు లేదు. కానీ 15,000 ని 365 రోజులకి పంచితే రోజుకి 41 రూపాయలు. ఆ 41 రూపాయలకి నేనేం చేయాలని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆనందపురంలో రాత్రి తొమ్మిదింబావుకి బండి పెట్టు, ఒక్కరున్నా నలుగురున్నా అదే 30 రూపాయలకి ఊరికి తీసుకెళ్లు, ఖాళీ సీటుకి మేమిస్తాం అని ఒక్క మాట అని ఉంటే, ఆ మిషన్ కుడుతున్న పిల్ల ఉద్యోగం నిలబడేది. నాకు సాయం కాకుండా జీతం వచ్చినట్టుండేది.

చట్టం ఒప్పుకుంటుందా అని అడుగుతారు. ఒక లాయరు గారు నా బండిలో వచ్చినప్పుడు విడమర్చి చెప్పారు. ఆటోకి ఇచ్చేది కాంట్రాక్టు పర్మిటు. ఒక చోట మాట్లాడుకుని ఎక్కినవాళ్లని ఇంకో చోట దింపాలి, దారిలో ఒకళ్లని ఎక్కించి ఒకళ్లని దింపడం ఆ పర్మిటు కిందకి రాదు. అది బస్సులకిచ్చే స్టేజి పర్మిటు పని. ఆ లెక్కన ఈ రాష్ట్రంలో పల్లెల్లో తిరిగే ప్రతి సర్వీసు ఆటో, రోజూ, ప్రతి ట్రిప్పులో తప్పు చేస్తున్నట్టే. కానీ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 67వ సెక్షన్లో 3వ ఉపసెక్షన్ చేర్చారు. ఇంటిదాకా చేర్చే రవాణాకీ, గ్రామీణ రవాణాకీ రాష్ట్ర ప్రభుత్వం పర్మిట్లు మార్చవచ్చు, కొత్త పథకం పెట్టి లైసెన్సులు ఇవ్వవచ్చు అని అందులో ఉంది. ‘గ్రామీణ రవాణా’ అన్న మాట విడిగా రాశారు. చట్టం చేసినవాళ్లకి మేము గుర్తున్నాం.

అది వాడుకుంటే మావైపు ఎలా ఉండొచ్చో చెబుతాను. మండల రోడ్డు మీద బస్సు, తప్పకుండా, వేళకి. పొద్దున్న మొదటిదీ రాత్రి ఆఖరిదీ ఏ కారణం చేతా రద్దు కాకూడదు. మధ్యాహ్నం బస్సులు కావాలంటే తగ్గించుకోండి, నేనే చెబుతున్నాను కదా ఎవరూ ఉండరని. లోపలి ఊళ్ల నుంచి బస్సు వేళకి పది నిమిషాల ముందు మండల రోడ్డు మీదికి చేరేలా ఆటో. ఏ ఆటో ఏ ఊరిది, ఏ వేళది అన్నది బండి మీద రాసి ఉండాలి. దానికి ఆరుగురి పర్మిటు ఇవ్వాలి, ఆరుగురూ కూర్చునేలా తయారైన బండికే ఇవ్వాలి. ఏడో మనిషిని ఎక్కిస్తే పర్మిటు తీసేయండి, నాదైనా సరే. తెల్లారి నాలుగున్నరకి గంపల కోసం ఒక బండి వేరే, వెనక సీట్లు లేకుండా. వారానికోసారి వచ్చే సంత రోజుకి వేళలు వేరే. ఇదంతా కలిపి ఒకే కాగితం మీద ఉండాలి. ఇప్పుడు బస్సు వేళ బస్సువాళ్లది, ఆటో వేళ మాది, కాలేజీ గంట కాలేజీది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి మా మండలంలో ఇంతవరకూ ఒక్కడూ లేడు.

మా యూనియన్లో వాళ్లకి ఇది నచ్చదు. వేళ కట్టుకుంటే స్వేచ్ఛ పోతుందంటారు. ఏ స్వేచ్ఛ? వేపచెట్టు కింద ఎనిమిదో మనిషి కోసం చూసే స్వేచ్ఛే కదా. బస్సు వస్తే మన కడుపు కొడుతుందని కూడా అంటారు. ఉచిత బస్సు మమ్మల్ని దెబ్బ కొట్టింది ఆనందపురం నుంచి నగరంలోకి వెళ్లే పెద్ద రోడ్డు మీద. అక్కడ బస్సుతో మేము గెలవలేం, గెలవాలని చూడ్డం కూడా తప్పు. ఇరుకు దారులున్న లోపలి ఊళ్లకి, ఆ నాలుగైదు కిలోమీటర్లకి 12 మీటర్ల బస్సు ఎప్పటికీ రాదు, తిప్పడానికి చోటే ఉండదు. ఆ ముక్క మాది. అది కాగితం మీద మాదని రాయించుకోవడం తెలివి.

వేరే రాష్ట్రాల్లో ఏదో ఒకటి చేస్తున్నారు. కేరళలో 2022లో గ్రామవండి అని పెట్టారు. బస్సు, సిబ్బంది ఆర్టీసీవి, డీజిలు ఖర్చు పంచాయతీది, ఏ దారిలో తిరగాలో పంచాయతీ చెబుతుంది. అక్కడి పంచాయతీలు పెద్దవి, చేతిలో డబ్బుంటుంది. మా పంచాయతీకి వీధి దీపాల కరెంటు బిల్లే భారం, కాబట్టి అదే పద్ధతి ఇక్కడ దించమని నేననను. మండలం మొత్తానికి కలిపితే కుదరొచ్చేమో. బీహారులో 2018 నుంచి పంచాయతీకి కొందరు చొప్పున ఎస్సీ, ఎస్టీ, బాగా వెనకబడిన కులాల యువకులకి ప్రయాణికుల బండి కొనుక్కోవడానికి సగం ధర, లక్ష దాకా సబ్సిడీ ఇచ్చారు. బండి ఇవ్వడం వరకు బాగుంది. వేళ కట్టకుండా బండి ఇస్తే మా స్టాండులో ఇంకో పది బండ్లు చేరతాయి, అంతే. మన కేంద్ర ప్రభుత్వం 2023లో ఈ-బస్సుల పథకం పెట్టింది, 10,000 బస్సులు, మూడు లక్షల జనాభా దాటిన నగరాలకి. పల్లెకి రోడ్డు పథకం, నగరానికి బస్సు పథకం అన్నమాట.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లోనూ ఒకేరోజు గ్రామసభ పెట్టారు గుర్తుందా? మా ఊళ్లో కూడా పెట్టారు. కాలువలు, గోకులాలు అనే పశువుల షెడ్లు, సిమెంటు రోడ్లు, అన్నీ రాసుకున్నారు. నేను లేచి, పొద్దున్న ఏడింటికి బస్సు అని రాయండి, నైట్ హాల్టు గది అని రాయండి అన్నాను. రాసుకునే ఆయన మంచి మనిషే, పెన్ను పట్టుకుని ఆలోచించాడు. దానికి హెడ్డు లేదండీ అన్నాడు. ఏ పద్దు కింద వేయాలో తెలియని పని ఆ పుస్తకంలోకి ఎక్కదు. పక్కనున్న పెద్దాయన నవ్వి, పద్మనాభం కొండ మీద గుడి దీపోత్సవం రోజున బస్సులు బోలెడు వస్తాయిగా, ఆ రోజు వెళ్లు అన్నాడు. ఆయన వెటకారంగా అన్నా దాంట్లో నిజం ఉంది. దీపోత్సవానికి ఎంతమంది వస్తారు, ఏ దారిలో వస్తారు, బండ్లు ఎక్కడ ఆపాలి, రాత్రి తిరుగు బస్సు ఎన్నింటికి అని ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. అలా ఒకసారి మామూలు మంగళవారం గురించి కూర్చోమంటున్నాను.

కూర్చునే ముందు లెక్క కావాలి కాబట్టి అది ఎలా రాయొచ్చో కూడా చెబుతాను, దీనికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. ఊరి చివర రామమందిరం అరుగు మీద ఇద్దరు ఇంటరు పిల్లల్ని తెల్లారి నాలుగు నుంచి రాత్రి పది దాకా వంతులవారీగా కూర్చోబెట్టాలి. మామూలు రోజు ఒకటి, సంత రోజు ఒకటి, కోతల కాలంలో ఒకటి. ఎవరు బయల్దేరారు, ఎక్కడికి, ఏ బండి మీద, ఎంతిచ్చారు, ఎంతసేపు చూశారు. తర్వాత ఇంటింటికీ వెళ్లి ఇంకో ప్రశ్న అడగాలి: బండి లేదని వెళ్లకుండా ఆగిపోయిన పని ఏదైనా ఉందా? మొదటి లెక్కకన్నా ఈ రెండోదే పెద్దగా ఉంటుందని నా అనుమానం. ఊరి సచివాలయాల్లో సర్వేలు చేసే సిబ్బంది ఉన్నారు, ఇంటింటికీ ఎన్నిటికో తిరుగుతున్నారు, ఇది ఒక్కటి కలిపితే ఎక్కువ శ్రమ కాదు.

సంపాదకులు గారూ, మీ పత్రికని కూడా ఒకటి అడుగుతున్నాను. రైళ్ల వేళలు, సినిమా ఆటల వేళలు జిల్లా పేజీలో వేస్తారు. అలాగే వారానికోసారి ఒక మండలం తీసుకుని, ఏ ఊరికి మొదటి బస్సు ఎన్నింటికి, ఆఖరి బస్సు ఎన్నింటికి అని ఒక పట్టీ వేయండి. బస్సు రాని ఊరి ఎదురుగా గీత పెట్టి వదిలేయండి, వ్యాఖ్య ఏమీ అక్కర్లేదు. మా మండలంతో మొదలుపెడతానంటే ఊళ్లవారీగా వేళలు రాసి పంపుతాను, మీ విలేకరి వచ్చి సరిచూసుకోవచ్చు. పదిన్నర తర్వాత వస్తే మాత్రం ఏమీ కనిపించదు. నాలుగున్నరకి రమ్మనండి, పూల గంపల మధ్య కూర్చోవడానికి అభ్యంతరం లేకపోతే నా బండిలోనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక సర్వీసు ఆటో డ్రైవరు,
పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా